ఒక తీరు పనులు ఒక పూట

చదువవలసిన వేదభాగములు: నిర్గమకాండము 18:13–27, సంఖ్యాకాండము 4వ అధ్యాయము, 7:1–9, అపొస్తలుల కార్యములు 6:1–7.

పాఠ సారాంశము: పోలిక గల పనులను ఒకచోట కూర్చి చేసినయెడల మనస్సు చెదరదు. చెదరని మనస్సు దేవునికిని పొరుగువానికిని ఉపయోగపడును.



సోమశిల నుండి కొల్లాపురము ఎక్కువ దూరము కాదు. అయినను మనలో అనేకులు ఒకే వారములో మూడు మార్లు అక్కడికి పోయి వచ్చుచుందురు. సోమవారము బ్యాంకు పని, బుధవారము ఎరువుల అంగడి, శుక్రవారము పిల్లవాని బడి కాగితము. పోయిన ప్రతిమారును ఛార్జీలు ఖర్చగును, సగము దినపు కూలి పోవును. ఈ మూడును ఒక్క ప్రయాణములో ముగియదగిన పనులే. ఈలోగా కలుపు తీయని చేను, ఉతకని బట్టలు, చెప్పవలసిన లెక్క అట్లే మిగిలిపోవును. మిగిలినవాటి కన్నిటికిని మనము చూపు దినము ఒక్కటే, అది ఆదివారము. ఆరాధనకు రాని కుటుంబమును అడిగినప్పుడు, "పని ఉండె అయ్యగారూ" అందురు. అది అబద్ధము కాదు. నిజముగా పని ఉండెను. అయితే ఆ పని ప్రభువు దినము మీదికే ఎందుకు వచ్చి పడుచున్నదని మనలను మనము ప్రశ్నించుకొనవలెను.

సోమరితనమును గూర్చి మనము అనేక ప్రసంగములు వింటిమి. ఈ పాఠము సోమరులను గూర్చినది కాదు. కోడి కూసినది మొదలు రాత్రి దీపమార్పు వరకు కష్టపడియు పని తెమలనివారిని గూర్చినది. అట్టివారికి కావలసినది మరింత కష్టము కాదు, పనికి ఒక వరుస.

1. రేవు నేర్పు పాఠము

ఈ వరుస మనకు క్రొత్తది కాదు. శ్రీశైలము ఆనకట్ట నీరు వెనుకకు నిలిచినది మొదలుకొని మన రేవులో చేపల పని చేయువారిని చూచుచునే యున్నాము. సాయంకాలము వల వేయుదురు. తెల్లవారుజామున తీయుదురు. ఒడ్డుకు వచ్చిన తరువాత చేపలను ఏరి, పెద్దవి ఒక తట్టలోను చిన్నవి ఒక తట్టలోను వేయుదురు. అమ్మకమైన పిమ్మట వల కడిగి ఆరవేసి, చెట్టు నీడను కూర్చుండి తెగిన కన్నులను అల్లుకొందురు. ఒక్క చేప పడగానే ఒడ్డుకు వచ్చి, దానిని అమ్మి, మరల పుట్టి ఎక్కువాడు ఎవడును లేడు. ఒక కన్ను తెగగానే నడియేట పుట్టి నిలిపి వల అల్లుటకు మొదలిడువాడును లేడు. అట్లు చేసినవానికి చేపయు దక్కదు, వలయు దక్కదు.

గలిలయ సముద్రతీరమున మన ప్రభువు చూచిన జాలరులును ఈలాగే యుండిరి. లూకా 5:2లో వారు వలలు కడుగుచున్నారు. మార్కు 1:19లో యాకోబు, యోహానులు దోనెలో వలలు బాగుచేసికొనుచున్నారు. మత్తయి 13:48లోని ఉపమానములో వల నిండిన తరువాత దానిని దరికి లాగి, కూర్చుండి మంచి చెడ్డలను వేరుచేయుచున్నారు. కూర్చుండుట అను ఆ చిన్న సంగతిని గమనించుడి. ఏరు పని నడుచుచు చేయు పని కాదు. దానికి దాని పూట కావలెను.

మన తల్లులకును ఈ సంగతి తెలియును. ఎండాకాలములో ఏడాదికి సరిపడు మిరపకాయలను ఒకేమారు ఎండబెట్టి కారము పట్టించుకొందురు. రోజుకొక పిడికెడు చొప్పున పట్టించుకొనువారు లేరు. గద్వాల చీరలు నేయు ఇండ్లను చూచినయెడల, రంగు వేయుట ఒక పని, పడుగు సిద్ధపరచుట ఒక పని, కండెలు చుట్టుట ఒక పని, మగ్గము మీద నేయుట ఒక పని. ఒక పడుగు సిద్ధపరచిన తరువాత దాని మీద కొన్ని చీరలు వరుసగా నేయుదురు. చీర చీరకు పడుగు మార్చుచు కూర్చుండినయెడల నేతగాని ఇంట పొయ్యి వెలుగునా?

చేతికే కాదు, మనస్సునకును ఇదే న్యాయము. అమెరికాలో సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు 2009లో ప్రకటించిన వ్యాసములో, ఒక పనిని ముగింపక మరొక పనికి పోవునప్పుడు మనస్సులో కొంత భాగము వెనుకటి పనియొద్దనే నిలిచిపోవునని చూపెను. అందుచేత రెండవ పని సగము మనస్సుతోనే జరుగును. నేడు మన జేబులలోని ఫోను ఈ కష్టమును మరింత పెంచినది. నాగలి పట్టినవాడును, పాలు పితుకువాడును, బైబిలు తెరచినవాడును అది మ్రోగినప్పుడెల్ల ఒక్కసారి లేచిపోవుచున్నాడు. దేహము తిరిగి వచ్చును గాని మనస్సు వెంటనే రాదు.

2. లేవీయుల బరువులు

ఇప్పుడు సంఖ్యాకాండము 4వ అధ్యాయము తెరువుడి. అరణ్యములో ఇశ్రాయేలీయులు ఒకచోటినుండి మరొకచోటికి పోవునప్పుడు ప్రత్యక్ష గుడారమును విప్పవలెను, మోయవలెను, మరల నిలువబెట్టవలెను. పలకలు, స్తంభములు, దిమ్మలు, మేకులు, త్రాళ్లు, తెరలు, బల్ల, దీపవృక్షము, మందసము – ఎన్ని వస్తువులు! ముప్పది మొదలు ఏబది యేండ్ల వయస్సు గల లేవీయులు ఈ సేవకు లెక్కింపబడిరి. కహాతీయులు 2,750, గెర్షోనీయులు 2,630, మెరారీయులు 3,200, మొత్తము 8,580 మంది. చేతికి దొరికినది పట్టుకొని పొండని మోషే వారికి చెప్పియుండినయెడల ఏమగును? ఎనిమిది వేల మంది ఒకరి మీద ఒకరు పడుదురు. దిగినచోట ఒక మేకు కొరకు పాళెమంతయు వెదకుదురు.

దేవుడు అట్లు విడువలేదు. ఒక తీరు వస్తువులను ఒక వంశమునకు అప్పగించెను. పరిశుద్ధమైన ఉపకరణములు కహాతీయులకు, తెరలును పైకప్పులును గెర్షోనీయులకు, పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు మెరారీయులకు. మెరారీయులు మోయవలసిన వస్తువులను పేరు పేరున లెక్కించి అప్పగింపవలెనని 32వ వచనములో ఆజ్ఞ యున్నది. చిన్న మేకునకును ఒక బాధ్యుడు ఉండెను.

7వ అధ్యాయములో మరియొక సంగతి చూడుము. ప్రధానులు తెచ్చిన ఆరు బండ్లను, పండ్రెండు ఎద్దులను మోషే సమానముగా పంచలేదు. తెరలు మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. బరువైన పలకలు మోయు మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. భుజముల మీదనే మోయవలసిన కహాతీయులకు ఒక్క బండియు లేదు. పనులను తీరు ప్రకారము విడదీసిన తరువాతనే ఏ పనికి ఎంత సాధనము కావలెనో తెలిసినది.

10వ అధ్యాయములో ప్రయాణపు వరుస కూడ కలదు. గుడారము మోయువారు ముందు బయలుదేరుదురు. పరిశుద్ధ వస్తువులు మోయువారు తరువాత వత్తురు. వీరు చేరునప్పటికి గుడారము నిలిచి యుండును. మందసమును భుజము మీద పెట్టుకొని, గుడారము ఎప్పుడు లేచునా అని ఎండలో నిలువబడవలసిన అగత్యము లేదు. దీనిలో మనకు మూడు నేర్పులు దొరకుచున్నవి: ఒక తీరువి ఒకచోట కూర్చుట, ప్రతిదానికి బాధ్యుని నియమించుట, ఏది ముందో ఏది తరువాతో ఎరుగుట.

3. చెదరిన మనస్సు, కుదిరిన మనస్సు

నిర్గమకాండము 18లో మోషే ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు న్యాయము తీర్చుచు కూర్చుండెను. పెద్ద వ్యాజ్యెమును చిన్న తగవును ఆయన యొద్దకే వచ్చుచుండెను. మామయైన యిత్రో చూచి, ఈలాగున నీవును నీ జనులును నలిగిపోవుదురని హెచ్చరించెను. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధికారులను నియమించి, చిన్న సంగతులు వారియొద్ద తీరునట్లును, కఠినమైనవి మాత్రమే మోషే యొద్దకు వచ్చునట్లును ఏర్పరచుమని ఆలోచన చెప్పెను. మోషే వయస్సున పెద్దవాడైనను, దేవునితో మాటలాడువాడైనను ఆ మాటను త్రోసివేయలేదు. మన సంఘ పెద్దలకు ఇది గొప్ప మాదిరి.

యెరూషలేము సంఘములో ఇట్టి చిక్కే వచ్చెను. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు దినదినపు వడ్డనలో మరువబడిరి. అపొస్తలులు దుర్మార్గులై వారిని విడువలేదు. వాక్యమును వడ్డనయు ఒకే చేతిలో కలిసియుండగా ఆకలిగొన్న విధవరాలు సందున జారిపోయెను. పని కలగాపులగమైనచోట మొదట నష్టపడునది నోరు లేనివారే. అప్పుడు స్తెఫను, ఫిలిప్పు మొదలైన ఏడుగురు ఆ పనికి ఏర్పరచబడిరి. అపొస్తలులు ప్రార్థనకును వాక్యపరిచర్యకును తమ్మును అప్పగించుకొనిరి. ఫలితము 7వ వచనములో చదువుడి: వాక్యము వ్యాపించెను, శిష్యుల సంఖ్య మిక్కిలి పెరిగెను. విధవరాండ్రకు అన్నమును, లోకమునకు సువార్తయు రెండును దొరకెను.

మార్త సంగతియు మనకు తెలియును. ప్రభువు వంటను తప్పుపట్టలేదు. అనేకమైన వాటిని గూర్చి విచారపడి ముక్కలైన ఆమె మనస్సును చూచి జాలిపడెను. మన ఇండ్లలో మార్తలు అనేకులున్నారు. వారి నోట గద్దింపు పెట్టుటకంటె, వారి పనిలో సగము మనము పంచుకొనుట మేలు. పనులను వరుసపెట్టుట అనగా పనులన్నియు తల్లిమీద వరుసగా పెట్టుట కాదు.

4. గుండ్లకమ్మ యొడ్డున మూడు దినములు

మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికి గొప్ప దృష్టాంతము కలదు. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును మహా కరవు పీడించినది. ఒంగోలులో సేవ చేయుచుండిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు, ఆకలిగొన్నవారికి పని కల్పించుటకు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనెను. ఆ కాలములో బాప్తిస్మము కొరకు వేలమంది అడిగిరి. ఆయన ఏడాదికి పైగా ఎవరికిని ఇయ్యలేదు. రొట్టె కొరకు వచ్చినవాడెవడో, రక్షణ కొరకు వచ్చినవాడెవడో తెలియకపోవునని ఆయన భయము. కరవు సహాయము ముగిసిన పిమ్మటనే ఆ ద్వారము తెరచెను.

1878 జూలై నెలలో గుండ్లకమ్మ నదియొద్ద వెల్లంపల్లిలో జనులు కూడిరి. ముందుగా బోధకులు తమ తమ గ్రామములవారిని వేరువేరుగా కూర్చుండబెట్టి, వారి విశ్వాసమును విచారించిరి. విచారణ అంతయు నీటిలో దిగుటకు ముందే ముగిసెను. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన పని ఉదయము ఆరు గంటలకు మొదలై, పదకొండింటికి ఆగి, మధ్యాహ్నము రెండింటికి మరల సాగి, సాయంకాలము అయిదింటికి ముగిసెను. ఒక్కొక్క సమయమున ఇద్దరు బోధకులే నీటిలో నిలిచిరి. వారు అలసినప్పుడు వేరే ఇద్దరు దిగిరి. ఆరుగురు వంతులు వేసికొనిరి. పేర్లు చదువుట ఒక పని, బాప్తిస్మమిచ్చుట ఒక పని. ఒకదానిలో ఒకటి చొరబడలేదు. తొందర లేదు, గందరగోళము లేదు.

అంత గొప్ప గుంపులోను ప్రతివాని పేరు చదువబడెను. ప్రతివాడు ఒక్కడుగా నీటిలో దిగెను. వారు పనిని కూర్చిరి గాని మనుష్యులను ఒక మూటగా కట్టలేదు. ఈ పాఠములో మీరు మరువకూడని మాట ఇదియే. ఆ బాప్టిస్టు మిషనే తరువాత మన పాలమూరు సీమకును సువార్త తెచ్చెను. 1937లో మహబూబ్‌నగరు క్షేత్రము మెన్నొనైట్ బ్రదరెన్ మిషనువారి చేతికి వచ్చెను. గనుక గుండ్లకమ్మ కథ మనకు పరాయి కథ కాదు.

5. ప్రోగు చేయగూడని పనులు

పనులను కూర్చుట మంచిదే గాని అన్నిటిని కూర్చరాదు. మన్నాను తెల్లవారు వరకు దాచినవారికి పురుగులును కంపును మిగిలెను (నిర్గమ. 16:20). కొన్ని పనులు అట్టివే. ఆ దినముది ఆ దినమే చేయవలెను.

మొదటిది, కూలివాని కూలి. లేవీయకాండము 19:13, ద్వితీయోపదేశకాండము 24:14–15 చదువుడి. "వారమునకు ఒకమారు అందరికి కలిపి ఇచ్చెదను, నాకు సులభము" అని మొదట ఒప్పుకొననివారితో ఆసామి అనరాదు. మనకు సులభమైనది వారి పిల్లలకు పస్తు కావచ్చును.

రెండవది, సమాధానపడుట. కోపముతో సూర్యుని అస్తమింపనీయరాదని పౌలు ఎఫెసీయులకు బోధించెను (4:26). అన్నదమ్ముల తగవులను పండుగనాటికి ప్రోగుచేసి ఒక్కసారి తీర్చుకొందమనుట ప్రమాదకరము. అవి ప్రోగై కుప్ప కావు, కొండ యగును.

మూడవది, ప్రార్థన. ఆరు దినముల ప్రార్థనను ఆదివారమునకు నిలువ చేయలేము. ఆదివారము సంఘముతో చేయునది వేరు, దినదినము ఇంటిలో చేయునది వేరు.

నాలుగవది, మనుష్యులు. ఇంగ్లండులోని ఎప్వర్తు గ్రామములో సుసన్నా వెస్లీ అను పాదిరిగారి భార్యకు పిల్లలు అనేకులు. ఇంటి చదువును అందరికి కలిపి చెప్పెడిది. అయితే ప్రతి సాయంకాలము ఒక బిడ్డతో ఒంటరిగా మాటలాడుటకు సమయము ఏర్పరచుకొన్నట్లు 1712లో తన భర్తకు వ్రాసెను. గురువారము జానుకు, శనివారము చార్లెసుకు. పాఠము అందరికి ఒకటే. హృదయము మాత్రము ఒక్కొక్కరిది. ఆ ఇంటినుండి లోకమునకు ఎట్టి సేవకులు వచ్చిరో మీరెరుగుదురు.

6. మన ఇంట, మన పొలమున, మన సంఘమున

ఇప్పుడు ఆచరణకు వత్తము.

(అ) శుక్రవారము రాత్రి భోజనమైన తరువాత కుటుంబమంతయు పది నిమిషములు కూర్చుండుడి. రాబోవు వారపు పనులను నాలుగు కుప్పలుగా చెప్పుకొనుడి: పట్టణపు పనులు, పొలపు పనులు, ఇంటి పనులు, మాట పనులు. మాట పనులనగా ఫోనులో అడుగవలసినవి, ఇండ్లకు పోయి పలుకరింపవలసినవి. చదువు వచ్చిన బిడ్డచేత వ్రాయించుడి.

(ఆ) ఒక్కొక్క కుప్పకు ఒక పూట ఏర్పరచుడి. కొల్లాపురపు పనులన్నిటికి ఒక దినము. బ్యాంకు పుస్తకము, ఆధారు కార్డు, పట్టాదారు పాసుపుస్తకము ముందురాత్రియే ఒక సంచిలో పెట్టుడి. ఒక్క కాగితము మరచి పోయినయెడల కూర్చిన పని అంతయు వ్యర్థమగును. మెరారీయుల మేకును జ్ఞాపకము చేసికొనుడి.

(ఇ) నాట్ల వేళను బదులు పోవు పద్ధతి మన పల్లెలకు తెలిసినదే. సంఘమువారును ఈలాగు కూడినయెడల ఒక్క విధవరాలి మడి కూడ ఒక పూటలో ముగియును. ఆమె మడి వరుసలో చివర కాకుండ చూడుడి.

(ఈ) ఫోను కొరకు ఉదయము ఒక సమయము, సాయంకాలము ఒక సమయము నియమించుకొనుడి. రోగులు, గర్భిణీ స్త్రీలు ఉన్న ఇండ్లవారు దానిని దగ్గర నుంచుకొనుట న్యాయమే. తక్కినవారికి పొలములో అంతసేపు అది అవసరము లేదు.

(ఉ) సంఘ పెద్దలు కానుకల లెక్క, మరమ్మతు మాటలు, కూటముల ఏర్పాటు నెలకు ఒక కూడికలో ముగింపవలెను. ఆరాధన ముగిసిన వెంటనే గుడి వాకిట లెక్కలు మొదలుపెట్టినయెడల విన్న వాక్యము అక్కడనే రాలిపోవును.

(ఊ) శనివారమును సిద్ధపాటు దినముగా ఎంచుడి. ఆరవ దినమున రెండంతలు కూర్చుకొని, కాల్చవలసినది కాల్చి, వండవలసినది వండుకొనుమని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ యుండెను (నిర్గమ. 16:22–23). బట్టలు, కట్టెలు, మేత శనివారమే సిద్ధమైనయెడల ఆదివారము ఉదయము ఇంటివారందరు, ముఖ్యముగా ఇంటి ఆడవారు, తొందర లేక దేవుని సన్నిధికి రాగలరు.

ఈ ప్రయాసమంతయు మరింత సంపాదించుటకే యైనయెడల మనము ఒక కాడి విడిచి మరొక కాడి ఎత్తుకొన్నవారమగుదుము. మిగిలిన పూటలో క్రొత్త పనిని కుక్కకుడి. ఆ పూట రోగి మంచమునొద్ద, బిడ్డ పుస్తకమునొద్ద, దేవుని పాదములయొద్ద గడపుడి. వరుస అనునది గుడారము వంటిది. గుడారము నిలుచునది దానిలోనికి మందసము వచ్చుటకే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గడచిన వారము మీరు రెండు మార్లు చేసిన ఏ పనిని ఒక్కమారే చేసియుండవచ్చును?
2. మీ ఇంటిలో పనుల బరువు ఎవరి మీద ఎక్కువ పడుచున్నది? ఏ "బండ్లు" ఎవరికి ఇయ్యవలెను?
3. మన సంఘములో పనులు కలిసిపోవుటచేత మరువబడుచున్నవారు ఎవరు?
4. మీరు రేపటికి నిలువ చేయుచున్న కూలి గాని, కోపము గాని కలదా?

ప్రార్థన: క్రమము గల దేవా, మా దినములు నీవిచ్చినవి. మా చేతుల పనులను వరుసపరచుము, చెదరిన మా మనస్సులను కూర్చుము. మా తొందరలో మేము మరచిన బీదవారిని మాకు జ్ఞాపకము చేయుము. యేసుక్రీస్తు నామమున వేడుచున్నాము. ఆమేన్.